పని జరుగుతున్న రోడ్డు మీద రాత్రిపూట కారు నడపడం: తెలిసినవారు చెప్పగలరు

కోదాడ మాస్టారు
సభ్యులందరికీ నమస్కారం. గత శనివారం రాత్రి హైదరాబాదు నుంచి కోదాడకు వస్తున్నాను. ముందు సీట్లో నా భార్య, వెనుక మా అమ్మ ఉన్నారు. 65వ నంబరు జాతీయ రహదారి మీద చౌటుప్పల్ దాటాక, నార్కట్‌పల్లి ఇంకా రాకముందు, ఒకచోట పని నడుస్తోంది. నేను 80 వేగంతో డివైడర్ పక్క లేన్‌లో ఉన్నాను. ఎదురు బండ్ల వెలుగు కళ్లలో కొడుతుండగా, నా ముందు ఉన్నట్టుండి ఒక మట్టికుప్ప, దాని మీద సున్నం కొట్టిన నాలుగు రాళ్లు కనిపించాయి. రోడ్డు అక్కడితో ఆగిపోయి, ఎడమవైపు సర్వీస్ రోడ్డులోకి మళ్లింది. బ్రేకు ఎంత బలంగా తొక్కానో, కారు కుప్పకు రెండు మూరల దూరంలో ఆగింది. వెనుక వస్తున్న లారీ హారన్ మోగిస్తూ, నా ఎడమ అద్దానికి తగులుతుందా అన్నంత దగ్గరగా దాటిపోయింది. అమ్మ ఒళ్లోని అరటిపళ్ల సంచి ముందు సీట్ల మధ్యకు వచ్చి పడింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బోర్డు పెట్టలేదని తిట్టుకుని ఊరుకుందును గానీ, మర్నాడు అటుగా వచ్చిన మా సహోపాధ్యాయుడు బోర్డు ఉందనీ, దాని ముందు ఒక టిప్పర్ ఆపి ఉండడం వల్ల కనిపించడం లేదనీ చెప్పారు. ఇటువంటి చోట్లను ముందుగా పసిగట్టడం ఎలా? లేన్ మూసేస్తున్నారని తెలిశాక వెంటనే పక్కకు తప్పుకోవాలా, చివరిదాకా వెళ్లి తప్పుకోవాలా? నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడపడం మంచిదేనా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కంకరరాయి
మాస్టారు గారూ, నేను పదకొండేళ్లుగా రోడ్డు పనుల సైట్లలో ఉంటున్నవాణ్ని. తప్పు ఎవరిదో తేల్చే ముందు, ఆ మట్టికుప్పకు ముందు వెనుకల ఏమేమి ఉండాలో చెబుతాను. ఉండాల్సినవేమిటో తెలిస్తే, అవి లేని చోట మీకే అనుమానం వస్తుంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఎస్‌పీ 55 అనే మార్గదర్శక పుస్తకం పని జరిగే చోటును నాలుగు భాగాలుగా విడదీస్తుంది. మొదటిది ముందస్తు హెచ్చరిక భాగం. ఎర్ర అంచు త్రికోణంలో పార పట్టిన మనిషి బొమ్మ, తగ్గించిన వేగపరిమితి, లేన్ ఇరుకవుతుందని చెప్పే గుర్తు ఇక్కడే ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. రెండోది మళ్లింపు భాగం. కోన్లనో డ్రమ్ములనో ఏటవాలుగా పేర్చి, మిమ్మల్ని ఒక లేన్ నుంచి ఇంకో లేన్‌లోకి నెమ్మదిగా తోసే చోటు అది. మూడోది అసలు పని జరిగే భాగం. నాలుగోది పని అయిపోయి, మిమ్మల్ని మళ్లీ మామూలు రోడ్డు మీదికి వదిలే ముగింపు భాగం.

మీరు చిక్కుకున్నది రెండో భాగంలో. అక్కడ ఏటవాలు వరుస ఎంత పొడవుగా ఉంటే బండి అంత సాఫీగా మళ్లుతుంది. వరుసే లేకుండా రోడ్డుకు అడ్డంగా మట్టి పోస్తే, అది మళ్లింపు కాదు, గోడ. సైటు మనిషినై ఉండీ ఈ మాట ఎందుకు అంటున్నానంటే, సాయంత్రం ఆరు దాటాక డ్రమ్ములు తెప్పించే ఓపిక లేక జేసీబీతో రెండు బొచ్చెల మట్టి పోయించి ఇంటికి వెళ్లిపోయిన సూపర్‌వైజర్లను నేను కళ్లారా చూశాను.

ఇక లెక్క చూడండి. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. చూసి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీదికి చేర్చడానికి రెండున్నర సెకన్లు పడుతుందని రోడ్డు కొలతలు వేసేవారు లెక్క కడతారు. అంటే బ్రేకు పట్టుకోకముందే కారు 55 మీటర్లు వెళ్లిపోతుంది. డిమ్‌లో ఉన్న దీపాలకు, అందులోనూ ఎదురు వెలుగులో, మట్టిరంగు కుప్ప అంత దూరం నుంచి విడిగా కనబడదు. అదే 40లో ఉంటే ఆ 55 సుమారు 28 అవుతుంది. బ్రేకు పట్టాక ఆగే దూరమైతే నాలుగో వంతుకు పడిపోతుంది. వేగం సగమైతే దూరం కూడా సగమే తగ్గుతుందని చాలామంది అనుకుంటారు, కానీ అలా కాదు.

ముందుగా పసిగట్టడం ఎలా అని అడిగారు. బోర్డు దొరకకపోయినా రోడ్డే చెబుతుంది. టిప్పర్ టైర్లు పొలంలోంచి తెచ్చిన ఎర్రమట్టి చారలు తారు మీద కనిపిస్తాయి. వాన లేకపోయినా రోడ్డు తడిసి ఉంటుంది. దుమ్ము అణచడానికి ట్యాంకర్ నీళ్లు చల్లి వెళ్లిందన్నమాట. మీ హెడ్‌లైటు వెలుగులో దుమ్ము పొగలా తేలుతుంది. ముందు బండ్ల ఎర్రదీపాలన్నీ ఒకే చోట ఒకే వైపు జరుగుతుంటాయి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా బోర్డు కోసం వెతకకండి, కాలు యాక్సిలరేటర్ మీది నుంచి తీసేయండి.

పద్నాలుగు చక్రాలు
మాస్టారికి నమస్కారం. నేను చెబుతుంటే మా అబ్బాయి టైపు చేస్తున్నాడు కాబట్టి భాష వాడిది, మాట నాది. ఆ రాత్రి మిమ్మల్ని దాటిన లారీ నాది కాదు. నాదైనా నేనూ అదే చేసేవాణ్ని, ఎందుకంటే ఆగడం నా చేతిలో ఉండదు. సరుకు నిండితే మా బండి బరువు నలభై టన్నులు దాటుతుంది. బ్రేకు తొక్కాక గాలి గొట్టాల్లోంచి వెళ్లి చక్రాలను పట్టుకోవడానికే అర సెకను దాకా పోతుంది. అందుకే పని జరిగే చోటు వస్తోందనగానే నేను ముందు బండికి బాగా ఎడం వదులుతాను. ఆ ఎడం చూసి కార్లవాళ్లు నేను నిద్రపోతున్నానని అనుకుంటారో ఏమో, ఒకరి తరువాత ఒకరు దూరిపోతారు. అది ఖాళీ స్థలం కాదు, అది నా బ్రేకు. దాన్ని మీరు తీసుకుంటే నా దగ్గర మిగిలేది హారనొక్కటే.

ఇంకొకటి. డైవర్షన్ దగ్గర రోడ్డు పాములా ఎడమకు తిరిగి మళ్లీ కుడికి తిరుగుతుంది. ఆ మెలికలో మా ముందు చక్రాలు నడిచిన దారిలో వెనుక చక్రాలు నడవవు, లోపలి వైపుకు కోసుకుని వస్తాయి. ట్రైలరైతే మరీ ఎక్కువ. మలుపులో మా పక్కన స్కూటరు పట్టేంత జాగా కనిపిస్తుంది, మధ్యలోకి వచ్చేసరికి అది ఉండదు. ఆ యాభై గజాలు మా వెనుకే ఉండండి.

కొమ్మల సంగతి కూడా చెప్పాలి. మా బండి చెడిపోతే వెనుక పది ఇరవై గజాలకొకటి చొప్పున చెట్టుకొమ్మలు విరిచి వేస్తాం. చిన్న చిన్న మరమ్మతు పనులవాళ్లూ కోన్లు లేనప్పుడు ఇదే చేస్తారు. చీకట్లో కొమ్మ మెరవదు కాబట్టి అది మంచి పద్ధతి కాదు గానీ, ఉన్నమాట అది. పచ్చి కొమ్మ కనిపిస్తే ముందు ఎవరో ఉన్నట్టు. ఎండిపోయిన కొమ్మైతే నిన్నటిదో మొన్నటిదో అయి ఉంటుంది, అయినా దాన్నీ నమ్మి నెమ్మదించడమే మేలు.

ఉప్పల్ స్కూటీ
ఇక్కడ అందరూ నాలుగు చక్రాల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి రెండు చక్రాల వైపు నుంచి కొంచెం రాస్తాను. ఉప్పల్ నుంచి నారపల్లి వరకు వరంగల్ రహదారి మీద 2018లో మొదలైన ఎలివేటెడ్ కారిడార్ పని ఏళ్ల తరబడి సాగింది. ఆ స్తంభాల పక్కనుంచే నేను రోజూ ఉద్యోగానికి వెళ్లాను. ఆ దారి నాకు నేర్పిన పాఠాలు డ్రైవింగ్ స్కూల్లో ఎవరూ చెప్పలేదు.

కొత్త తారు వేయడానికి పాత పొరను యంత్రంతో గీకేస్తారు. అలా గీకిన రోడ్డు మీద ప్రయాణ దిశలోనే సన్నటి గాళ్లు పడతాయి. స్కూటీ చక్రం వాటిలో పడి తనంతట తాను అటూ ఇటూ ఊగుతుంది. మొదటిసారి నాకు టైరు పంక్చరైందనిపించింది. అప్పుడు హ్యాండిల్‌ను బిగబట్టి సరిచేయాలని చూస్తే ఊపు ఇంకా పెరుగుతుంది. చేతులు వదులుగా ఉంచి, ఒకే వేగంతో, బ్రేకు జోలికి పోకుండా దాటాలి.

దానికంటే ప్రమాదకరమైనది అంచు. గీకిన లేన్‌కూ గీకని లేన్‌కూ మధ్య రెండంగుళాల ఎత్తు తేడా ఉంటుంది. కారులో ఉన్నవారికి అది టక్కుమనే ఒక చప్పుడు. మేము ఆ అంచుకు సమాంతరంగా వెళుతూ వెళుతూ మెల్లగా పైకి ఎక్కాలని చూశామో, ముందు చక్రం అంచును రాసుకుంటూ జారి బండి పడిపోతుంది. ఎక్కక తప్పకపోతే వేగం బాగా తగ్గించి, వెనుక ఎవరూ లేరని చూసుకుని, చక్రం అంచుకు వీలైనంత అడ్డంగా తగిలేలా తిప్పి ఎక్కాలి. పరిచిన కంకర మీద ముందు బ్రేకు వేయకూడదు. తారు వేసే ముందు చల్లే నల్లటి జిగురు ద్రవం ఆరకముందు సబ్బునీళ్లలా జారుతుంది. గోతుల మీద కప్పే ఇనుప రేకులు వాన పడితే అంతకన్నా ఘోరం.

దుమ్ము గురించి ఒక్క మాట. టిప్పర్ వెనుక నడిచేటప్పుడు దాని వెనుక దీపాలు మట్టితో పూడిపోయి ఉంటాయి, అది బ్రేకు వేసిందో లేదో తెలియదు. హెల్మెట్ అద్దం దించుకుంటే మసక, ఎత్తితే కళ్లలో ఇసుక. నేను చివరికి చేసిన పని, టిప్పర్ కనిపిస్తే రెండు నిమిషాలు పక్కన ఆగి దాన్ని పోనివ్వడం. ఆఫీసులో ఆ రెండు నిమిషాలకు ఎవరూ జీతం కోయలేదు.

కోదాడ మాస్టారు
అందరికీ కృతజ్ఞతలు. కంకరరాయి గారు చెప్పిన మట్టి చారల సంగతి చదివాక గుర్తుకు వచ్చింది, ఆ రాత్రి నా అద్దం మీద సన్నటి దుమ్ము పడితే వైపర్ వేశాను. అంటే కబురు అందింది, నేనే చదవలేదు. లేన్ ఎప్పుడు మారాలన్న నా రెండో ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు.

డల్లాస్ గోదావరి
మాస్టారు గారూ, నేను టెక్సస్‌లో పదిహేనేళ్లుగా కారు నడుపుతున్నాను, ఏటా ఒకసారి రాజమండ్రి వస్తాను. రెండు చోట్లా చూసినది చెబుతాను.

ఇక్కడ పని జరిగే చోట బోర్డులన్నీ నారింజ రంగులో ఉంటాయి. ఫ్రీవే మీద మొదటి బోర్డు సుమారు మైలు ముందే వస్తుంది. పనివాళ్లు ఉన్న సమయంలో వేగపరిమితి మీరితే జరిమానా రెట్టింపు. డ్రమ్ముల ఏటవాలు వరుసకు లెక్క ఉంది. గంటకు 60 మైళ్ల వేగపు రోడ్డు మీద 12 అడుగుల లేన్ మూయాలంటే ఆ వరుస 720 అడుగులు ఉండాలి, అంటే దాదాపు 220 మీటర్లు. అంత పొడవు వరుసను చూస్తే ఎవరికైనా ఏదో జరుగుతోందని తెలుస్తుంది. ఇంత చేసినా ఏటా వందలమంది ఇటువంటి చోట్ల చనిపోతూనే ఉన్నారు. వారిలో ఎక్కువమంది రోడ్డు పనివాళ్లు కాదు, బండ్లలో ప్రయాణించేవారే. మనం నెమ్మదించేది పనివాళ్ల మీద దయతో అనుకుంటాం గానీ, ముందు కాపాడుకునేది మన ప్రాణాలనే.

లేన్ మారడం గురించి. బండ్లు బారులు తీరి నత్తనడక నడుస్తుంటే రెండు లేన్లనూ చివరిదాకా వాడుకుని, ఇరుకైన చోట ఇటునుంచి ఒకటి, అటునుంచి ఒకటి చొప్పున జడ అల్లినట్టు కలవడం మేలని ఇక్కడ మిన్నెసోటా వంటి రాష్ట్రాలు ప్రచారం చేస్తాయి. దానివల్ల బారు పొడవు తగ్గుతుంది. అయితే ఇది నత్తనడకకే వర్తిస్తుంది. రోడ్డు ఖాళీగా ఉండి అందరూ వేగంగా వెళుతున్నప్పుడు మొదటి బోర్డు దగ్గరే ఇండికేటర్ వేసి తప్పుకోవాలి. మీరున్నది ఈ రెండో పరిస్థితిలో.

పద్నాలుగు చక్రాలు
డల్లాస్ గోదావరి గారి జడ సంగతి బాగుంది గానీ, మా దగ్గర రెండు పాయల జడకు అయిదు పాయలు వస్తాయి. రెండు లేన్లు ఒకటయ్యే చోట రెండు కార్ల వరుసలు, ఎడమ మార్జిన్ మీద ఆటోలు, డివైడర్ పక్కన బైకులు, ఎదురుగా రాంగ్ రూట్లో ఒక ట్రాక్టరు ఉంటాయి. సంక్రాంతి ముందు రోజుల్లో విజయవాడ వైపు వెళ్లే బారులో చివరిదాకా వెళ్లి కలుద్దామనుకున్నవాణ్ని ఎవరూ కలవనివ్వరు. ఇక్కడ నా లెక్క ఒక్కటే, ముందే తప్పుకున్నవాడికి బీపీ రాదు.

కంకరరాయి
ఇద్దరి మాటా నిజమే. ఒకటి మాత్రం కలుపుతాను. కోన్ల వరుస మొదలైన చోటికీ, మా మనుషులు పనిచేసే చోటికీ మధ్య కొంత రోడ్డును ఉత్తగా వదులుతాం. అదుపు తప్పిన బండి అక్కడ ఆగాలి గాని మనిషి మీదికి రాకూడదని దాని ఉద్దేశం. బారులో విసిగినవారు బంపరుతో కోను జరిపి ఆ ఖాళీలోకి వచ్చేస్తారు. ఒకరు వచ్చారంటే వారి వెనుక పదిమంది. ఒకసారి మధ్యాహ్నం మా రోలర్ ఆపరేటర్ యంత్రం నీడలో కూర్చుని టీ తాగుతుండగా ఒక కారు అలాగే వచ్చి, గ్లాసు పట్టుకున్న చేతికి జానెడు దూరంలో ఆగింది. ఆయన లేవలేదు, తిట్టలేదు, టీ పూర్తి చేశాడు. ఆ సాయంత్రం నుంచి మాత్రం రోలర్‌కు రోడ్డు వైపు ఎప్పుడూ కూర్చోలేదు.

గట్టు మీద చింతచెట్టు
మాది ఈ రహదారి పక్క ఊరే. మా పొలం రోడ్డుకు అవతల ఉంది. పైనుంచి వెళ్లేవారికి మా వైపు కూడా తెలియాలని రాస్తున్నాను.

పని మొదలవగానే డివైడర్‌లో మేము దాటే దారి మూసేస్తారు. తరువాతి దారి మూడు కిలోమీటర్ల అవతల ఉంటుంది. ఎడ్లబండికైనా ట్రాక్టరుకైనా పోనూ రానూ ఆరు కిలోమీటర్లు. అందుకే రాంగ్ రూట్లో వస్తారు. అది తప్పేనని వారికీ తెలుసు. డీజిల్ ధర అంతకంటే బాగా తెలుసు. పని జరిగే చోట ఎదురుగా ఒంటి దీపం కనిపిస్తే అది బైకు అని అనుకోకండి, ఒక లైటు పోయిన ట్రాక్టరు కావచ్చు, వెనుక గడ్డి ట్రాలీ కూడా ఉండవచ్చు.

రహదారి బండ్లన్నిటినీ సర్వీస్ రోడ్డు మీదికి మళ్లిస్తారు. ఆ సర్వీస్ రోడ్డు మా ఊరి వీధి. బడి గేటు, కిరాణా కొట్టు, పాలకేంద్రం, అన్నీ దాని మీదే ఉన్నాయి. సాయంత్రం ఆరుకు పాలు పోయడానికి మా ఆడవాళ్లు క్యాన్లు పట్టుకుని అదే రోడ్డు దాటుతారు, అదే వేళకు గేదెలు ఇంటికి వస్తాయి. నాలుగు వరుసల రహదారి మీద కారుకు 100 దాకా అనుమతి ఉందని తెలిసిన డ్రైవరు, ఆ వేగపు మత్తు కాలికి ఇంకా దిగకుండానే మా వీధిలోకి వస్తాడు. 50కి తగ్గించి, తాను పాకుతున్నానని అనుకుంటాడు. మా ఇంటి అరుగు మీది నుంచి చూస్తే ఆ 50 ఎలా ఉంటుందో ఒకసారి వచ్చి కూర్చోండి, కాఫీ ఇస్తాం.

ఎల్ బోర్డు
నేను డ్రైవింగ్ నేర్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ని. మాస్టారి మూడో ప్రశ్న నాకు వదిలేసినట్టున్నారు.

నాలుగు ఇండికేటర్లూ వేసుకుని నడవడం మనవాళ్లకు ఒక అలవాటైపోయింది. వాన వస్తే వేస్తారు, మంచు ఉంటే వేస్తారు, సొరంగంలోనూ వేస్తారు. నడుస్తున్న బండికి అవి వేస్తే మీరు ఎటు తిరుగుతారో వెనుకవాడికి చెప్పే సాధనం పోతుంది, లేన్లు కలిసే చోట కావలసింది సరిగ్గా అదే. వేయవలసిన సందర్భం ఒకటుంది. రహదారి వేగంతో వస్తూ ఎదురుగా ఆగిపోయిన బారు చూసి మీరు చివరి బండిగా ఆగుతున్నారనుకోండి. అప్పుడు వెంటనే నాలుగూ వేయండి, ముందు బండికి ఒక కారు పొడవు ఎడం వదిలి ఆగండి, గేరు వేసే ఉంచి అద్దంలో చూస్తూ ఉండండి. మీ వెనుక మరో రెండు బండ్లు వచ్చి ఆగాక ఆపేయండి. బారు తోక కోన్ల దగ్గర ఉండదు, ఒక్కోసారి మొదటి బోర్డుకు కూడా వెనకే ఉంటుంది, అందుకే ప్రాణాంతకమైన చోటు అదే.

ఎదురు బండ్లను ఒకే రోడ్డు మీదికి తెచ్చిన డైవర్షన్‌లో, డివైడర్ లేదన్న సంగతిని మనసు రెండు నిమిషాల్లో మరిచిపోతుంది. ముందున్నది నెమ్మదిగా పోతోందని కుడివైపు నుంచి ఓవర్‌టేక్ చేయబోతారు. ఆ కుడి ఇప్పుడు ఎదుటివాడి దారి. డైవర్షన్ దాటేదాకా ఓవర్‌టేక్ అన్న ఆలోచనే పెట్టుకోవద్దని నా దగ్గర నేర్చుకున్నవారికి చెప్పేవాణ్ని. ఎదుటి వెలుగు కళ్లలో పడితే ఆ దీపాల వైపు చూడకుండా రోడ్డు ఎడమ అంచు గీతను చూస్తూ నడపాలి, ముందు మన లైటు డిమ్ చేయాలి.

ఫోనులో దారి చెప్పే యాప్‌ను నమ్మడం గురించి కూడా రాయాలి. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర ఒక కారు సగం కొట్టుకుపోయిన వంతెన మీది నుంచి రామగంగ నదిలో పడి ముగ్గురు చనిపోయారు. వరదకు తెగిన వంతెన అది. యాప్ దాన్ని ఇంకా దారిగానే చూపింది, వంతెన మొదట్లో అడ్డుగోడ లేదు. పని జరిగే చోట యాప్ చెప్పే దారికీ కళ్లకు కనిపించే దారికీ తేడా వస్తే, బండి ఆపి పక్క టీ కొట్టువాణ్ని అడగడం నామోషీ కాదు.

ఉప్పల్ స్కూటీ
అన్నీ డ్రైవర్లే చేయాలా? బోర్డు పెట్టనివారికి ఏ శిక్షా లేదా?

కంకరరాయి
ఉంది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణతో 198ఎ సెక్షన్ వచ్చింది. రోడ్డు నమూనా, నిర్మాణం, నిర్వహణల్లో నిర్దేశిత భద్రతా ప్రమాణాలు పాటించకపోవడం వల్ల మరణం గాని అంగవైకల్యం గాని సంభవిస్తే, బాధ్యులైన అధికార సంస్థ, కాంట్రాక్టర్, కన్సల్టెంట్, కన్సెషనేర్ (ఒప్పందం మీద రోడ్డును కట్టి నడిపే సంస్థ) ఎవరైనా సరే లక్ష రూపాయల వరకు జరిమానా కట్టాలి. మనిషి ప్రాణం పోయాక లక్ష అంటే ఎంత అన్నది మీరే ఆలోచించండి. నా వరకు ఆ మొత్తం ఒక టిప్పర్ టైర్ల ఖర్చుకు కూడా సరిపోదు. జాతీయ రహదారి మీద లోపం కనిపిస్తే 1033కు ఫోను చేయవచ్చు. ఏ కిలోమీటరు రాయి దగ్గర, ఏ వైపు వెళ్లే దారిలో అన్నది చెప్పగలిగితే పని త్వరగా జరుగుతుంది. చాలామంది "సూర్యాపేట దగ్గర" అని పెట్టేస్తారు, సూర్యాపేట దగ్గర అంటే ముప్ఫై కిలోమీటర్లు.

లేని బోర్డు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది తీయని బోర్డు. పని పూర్తయి నెల గడిచినా "వేగం 30" అని నిలబడే ఉంటుంది. అక్కడ ఎవరూ 30లో వెళ్లరు, వెళ్లనవసరమూ లేదు. అలాంటివి అయిదు చూసిన డ్రైవరు ఆరోదాన్ని నమ్మడు. ఆరోదాని వెనుక నిజంగా గొయ్యి ఉంటుంది. పని లేని రోజు బోర్డును గోనెసంచితో కప్పాలని నేను మా కుర్రాళ్లకు చెబుతాను. కప్పుతారు, మర్నాడు పొద్దున గోనె తీయడం మరిచిపోతారు. అది ఇంకో రకం తలనొప్పి.

కోదాడ మాస్టారు
నిన్న రాత్రి మళ్లీ అదే దారిలో వచ్చాను, ఈసారి ఒంటరిగా. చౌటుప్పల్ దాటగానే ఎడమ లేన్‌లోకి వచ్చి 60కి తగ్గించాను. మట్టి చారలు మొదట కనిపించాయి, అప్పటికింకా బోర్డు రాలేదు. 40కి తగ్గాను. వెనుక కారువాడు రెండుసార్లు డిప్పర్ కొట్టి, కుడివైపు నుంచి దాటి వెళ్లి, సరిగ్గా ఆ మళ్లింపు దగ్గర ఎర్రదీపాలు వెలిగించుకుని నా ముందుకే దూరాడు. ఎడం వదిలి ఉండడం వల్ల నాకు బ్రేకు కూడా గట్టిగా వేయవలసిన అవసరం రాలేదు. ఈసారి మట్టికుప్ప ముందు ఆరు డ్రమ్ములు, మినుకుమినుకుమనే ఒక పసుపు దీపం ఉన్నాయి. బోర్డు దగ్గర టిప్పర్ లేదు.

సర్వీస్ రోడ్డులోకి వచ్చాక చింతచెట్టు గారి మాట గుర్తుకు వచ్చి 30లో నడిపాను. రాత్రి పదకొండుకు కూడా ఒకాయన భుజాన తువ్వాలు వేసుకుని రోడ్డు మధ్యలో నిలబడి ఫోను మాట్లాడుతున్నాడు. నా వెలుగు పడ్డాక కూడా మాట పూర్తి చేసుకునే పక్కకు జరిగాడు.

సూర్యాపేట దాటాక ఒకచోట పని ఎప్పుడో అయిపోయింది గాని, వేగం తగ్గించమనే బోర్డు అలాగే ఉంది. 1033కు ఫోను చేసి, కిలోమీటరు రాయి నంబరు చెప్పాను. ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు.

పద్నాలుగు చక్రాలు
మాస్టారూ, సూర్యాపేట దాటాక ఆ బోర్డును ఇవాళ పొద్దున చూశాను. తీయలేదు, మొహం పొలం వైపు తిప్పి పెట్టారు. వెనుక వైపు ఎవరో అప్పుడే కోచింగ్ సెంటరు పోస్టరు అంటించారు. మంగళవారం రాత్రి కాకినాడ లోడు వేసుకుని పోతున్నాను. రాజమండ్రి దగ్గర ఇప్పుడు సర్వీస్ రోడ్డు మీదికి దించుతున్నారా, పైనుంచే వదులుతున్నారా? అటు ఈమధ్య వెళ్లినవారెవరైనా ఉంటే చెప్పండి.